మాట తప్పని మూట

ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రతి పనికీ మొదటి నుంచి కోడ్ రాసుకోరు. ఫైలును కుదించడం, సమాచారాన్ని రహస్యంగా పంపడం, తేదీల లెక్కలు కట్టడం, అక్షరాలను తెర మీద పేర్చడం లాంటి పనులు వేల ప్రోగ్రాములకు కావాలి. అలాంటి ఒక్కో పనిని ఎవరో ఒకరు ఒకసారి బాగా చేసి, మిగతావాళ్లంతా పిలిచి వాడుకునేలా పెట్టిన కోడ్‌నే లైబ్రరీ అంటారు. లైబ్రరీకి సొంతంగా కిటికీలు, బటన్లు ఉండవు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి అది కనిపించదు. అయినా అది లేకపోతే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములేవీ తెరుచుకోవు.

తెలుగు చదివే చాలామంది పేరు తెలియకుండానే రోజూ వాడుతున్న లైబ్రరీ హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లు అక్షరాలను పేర్చుకోవడానికి దీన్నే పిలుస్తాయి. ‘స్త్రీ’ అనే మాట కంప్యూటర్ లోపల ఆరు యూనికోడ్ గుర్తులుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఉన్నవి ఉన్నట్టు వరసగా గీస్తే తెలుగు అవ్వదు. చివర ఉన్న గుడిదీర్ఘం ముందుకొచ్చి సకారం తల మీద కూర్చోవాలి. తకారం, రకారం ఒత్తులుగా మారి తమ చోట్లకు చేరాలి. ఫాంటులోని నియమాలు చదివి, ఏ ఆకారం ఎక్కడ పడాలో లెక్కగట్టి చెప్పేది హార్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దీని ప్రధాన రచయిత. పర్షియన్‌లో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి పేరును పర్షియన్‌లో చెప్పుకుంటే వచ్చే పేరు ఇది.

ఇలాంటి లైబ్రరీని రాయడం ఒక పని. దాన్ని ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చి, రకరకాల కంప్యూటర్లలో పొరపాటు లేకుండా అమరేలా చూడడం మరో పని. ఈ రెండోదాన్నే ప్యాకేజింగ్ అంటారు. చూడటానికి ఇది ఫైళ్లను మూటకట్టడమే. అయితే ఆ మూటతో పాటు కొన్ని మాటలు కూడా ఇవ్వాలి. లోపల ఏముంది, ఎవరు రాశారు, ఏ షరతులతో వాడుకోవచ్చు, పని చేయడానికి ఇంకేం కావాలి, రేపు మారితే ఆ సంగతి ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నలన్నిటికీ ప్యాకేజీ ముందే జవాబు చెప్పాలి. డెబియన్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేల ప్రోగ్రాములతో కలిపి అందించే ఏర్పాటులో, ఈ పని జరిగే తీరు చూస్తే దీని పూర్తి స్వరూపం తెలుస్తుంది.

ఊరుమ్మడి బావి

డెబియన్ ప్రాజెక్టును 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించారు. దీనికి యజమాని కంపెనీ అంటూ లేదు. అనేక దేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలే దీన్ని నడుపుతున్నారు. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ దీని మీద కట్టినదే. భారత ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే పునాది. అందువల్ల డెబియన్‌లో ఒక లైబ్రరీని జాగ్రత్తగా ప్యాకేజీ చేస్తే ఆ ఫలం ఉబుంటు పెట్టుకున్న కాలేజీ ల్యాబ్ దాకా చేరుతుంది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12, అంటే బుక్‌వర్మ్‌లో, 64 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో పెద్ద భాగం లైబ్రరీలే.

ఇంత పెద్ద వ్యవస్థలో ఒక లైబ్రరీకి ఒకే ప్రతి ఉంచడం డెబియన్ పద్ధతి. ఇరవై ప్రోగ్రాములకు హార్ఫ్‌బజ్ కావాలంటే ఇరవై ప్రతులు పెట్టరు. డిస్కులో ఒక్క ప్రతి ఉంటుంది, అందరూ దాన్నే వాడుకుంటారు. దీన్ని షేర్డ్ లైబ్రరీ అంటారు. ఇది ఊరుమ్మడి బావి లాంటిది. నీళ్లు బాగుంటే ఊరంతటికీ బాగు, చెడితే ఊరంతటికీ చేటు. బాగుచేయాల్సి వచ్చినా ఒక్కచోట చేస్తే చాలు.

ఈ సంగతి తెలుగువాళ్లకు 2018 ఫిబ్రవరిలో గట్టిగానే తెలిసింది. జకారానికి ఞకారపు ఒత్తు చేరి, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు తర్వాత దీర్ఘం వచ్చే తెలుగు అక్షర వరస ఒకటి ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చేసింది. లోపం ఏ ఒక్క యాప్‌దీ కాదు. అవన్నీ పంచుకునే యాపిల్ సొంత అక్షరాల లైబ్రరీలో ఉంది. దాన్ని సరిచేసి అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేయగానే యాప్‌లన్నీ ఒకేసారి కుదుటపడ్డాయి. హార్ఫ్‌బజ్‌కూ ఇలాంటి లోపాలు తప్పలేదు. ఒక అక్షరం మీద వరసగా లెక్కలేనన్ని గుర్తులు పేర్చిన వచనం ఇస్తే లెక్క కట్టే సమయం విపరీతంగా పెరిగిపోయే లోపం 2023లో నమోదైంది. అది 6.0.0 వెర్షన్ వరకూ ఉంది. ప్రతి ప్రోగ్రాములో ఒక్కో ప్రతి దాక్కుని ఉంటే ఇలాంటి లోపాన్ని ఎక్కడెక్కడ సరిచేయాలో వెతకడానికే రోజులు పడతాయి.

మొదటి మాట: లైసెన్సు

కొత్త లైబ్రరీని డెబియన్‌లోకి తేవాలనుకున్నవాళ్లు ముందుగా ఆ సంగతి ప్రకటించాలి. డెబియన్ బగ్‌ల చిట్టాలో ‘ప్యాకేజీ చేయాలనే ఉద్దేశం’ అనే పేరుతో ఒక నమోదు తెరుస్తారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దాన్ని ఐటీపీ అంటారు. లైబ్రరీ పేరు, రచయితలు, లైసెన్సు, అది ఎందుకు అవసరం అన్నవి అందులో రాస్తారు. ఒకే పనిని ఇద్దరు చేసి శ్రమ వృథా కాకుండా, ఇప్పటికే అలాంటి లైబ్రరీ ఉంటే ఎవరైనా చెప్పగలిగేలా ఈ ఏర్పాటు.

తర్వాత చూడాల్సింది లైసెన్సు. 1997లో డెబియన్ తన సామాజిక ఒప్పందాన్ని, దానితో పాటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలను ఆమోదించింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అనే హక్కులు ఉంటేనే ఒక ఫైలుకు డెబియన్ ప్రధాన భాగంలో చోటు దొరుకుతుంది. హార్ఫ్‌బజ్ కోడ్‌కు పాత ఎంఐటీ తరహా లైసెన్సు ఉంది కనుక దానితో ఇబ్బంది లేదు. కానీ లైబ్రరీ అంటే కోడ్ ఒక్కటే కాదు. పరీక్షల కోసం చేర్చిన ఫాంట్లు, పత్రాలు, బొమ్మలు, వేరే ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న చిన్న కోడ్ ముక్కలు కూడా ఆ మూటలో ఉంటాయి. ఒక్కోదానికీ ఒక్కో హక్కుదారు, ఒక్కో షరతు ఉండవచ్చు. ప్యాకేజీ చేసేవాళ్లు ఫైలు వెంట ఫైలు తెరిచి చూసి, ఎవరి హక్కు ఏదో కాపీరైట్ అనే పత్రంలో నమోదు చేయాలి. విసుగు పుట్టించే పనే అయినా దీన్ని దాటవేయడానికి వీల్లేదు. వాడుకరులు నిశ్చింతగా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకరికి ఇవ్వగలగడం ఈ పత్రం మీదే ఆధారపడి ఉంది.

మార్గదర్శకాలకు సరిపడని ఫైలు ఏదైనా ఉంటే దాన్ని తీసేసి మూటను మళ్లీ కట్టాలి. అలా తీశామని వెర్షన్ పేరులోనే చెప్పాలి. బుక్‌వర్మ్‌లోని హార్ఫ్‌బజ్ వెర్షన్ 6.0.0+డీఎఫ్‌ఎస్‌జీ-3. ఇందులో 6.0.0 మూల రచయితలు పెట్టిన సంఖ్య. డీఎఫ్‌ఎస్‌జీ అంటే డెబియన్ మార్గదర్శకాల పొడి అక్షరాలు. వాటి ప్రకారం మూల మూటలోంచి కొంత తీసేశారని దాని అర్థం. చివరి 3 అంటే అదే మూలానికి డెబియన్ చేసిన మూడో సవరణ. ఆ చిన్న వరసలో రచయితల పని ఎంతవరకు, డెబియన్ చెయ్యి ఎంతవరకు అనేది విడివిడిగా కనిపిస్తుంది.

డెబియన్ ఫోల్డర్

మూల రచయితలను ప్యాకేజీ చేసేవాళ్లు అప్‌స్ట్రీమ్ అంటారు. నది ఎగువన ఉన్నవాళ్లు అని భావం. ఎగువ నుంచి వచ్చిన మూటను విప్పాక, అందులో డెబియన్ అనే ఒక ఫోల్డర్ చేరుస్తారు. చేయాల్సిన పనంతా ఈ ఫోల్డర్‌లోనే జరుగుతుంది. ఎగువ కోడ్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే నేరుగా దిద్దరు. మార్పును ప్యాచ్ అనే విడి ఫైలుగా రాసి, ఎందుకు మార్చారో పైన వివరించి, ప్యాచ్‌ల ఫోల్డర్‌లో పెడతారు. కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే బిల్డ్ సమయంలో అవి వరసగా అమలవుతాయి. ఏ మార్పు ఎవరిదన్న అనుమానం అప్పుడు రాదు.

ఈ ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్లు ముఖ్యం. కాపీరైట్ సంగతి పైన చెప్పుకున్నదే. చేంజ్‌లాగ్‌లో ప్రతి సవరణకూ తేదీ, చేసినవారి పేరు, చేసిన మార్పు ఉంటాయి. పైన ఉన్న మొదటి నమోదే ప్యాకేజీ వెర్షన్‌ను నిర్ణయిస్తుంది. రూల్స్ అనే ఫైలు బిల్డ్ ఎలా చేయాలో చెబుతుంది. ఒకప్పుడు ఇది పొడవైన ఆదేశాల జాబితా. ఇప్పుడు డెబ్‌హెల్పర్ అనే పనిముట్టు మామూలు పనులన్నీ తానే చూసుకుంటుంది కనుక చాలా ప్యాకేజీల్లో ఈ ఫైలు కొద్ది వరసల్లోనే ముగుస్తుంది.

నాలుగోది కంట్రోల్ ఫైలు. ప్యాకేజీకి ఇది జాతకం లాంటిది. పేరు, బాధ్యత వహించే మెయింటైనర్, క్లుప్త వివరణ, ఏ రకం ప్రాసెసర్ల మీద నడుస్తుంది అన్నవి ఇందులో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం డిపెండెన్సీలు. అవి రెండు రకాలు. బిల్డ్ చేయడానికి కావలసినవి కొన్ని, నడవడానికి కావలసినవి కొన్ని. ఇల్లు కట్టేటప్పుడు సారవ కావాలి, కాపురం ఉండటానికి అక్కర్లేదు. అలాగే కంపైలర్, పరీక్షల పనిముట్లు బిల్డ్ సమయంలోనే కావాలి. హార్ఫ్‌బజ్ నడవడానికి మాత్రం సీ భాష మూల లైబ్రరీ, ఫాంట్లు చదివే ఫ్రీటైప్, గ్లిబ్, గ్రాఫైట్ లాంటివి ఉండాలి.

డిపెండెన్సీల్లో చిక్కుముడులు కూడా పడతాయి. హార్ఫ్‌బజ్ ఫ్రీటైప్‌ను వాడుకుంటుంది. ఫ్రీటైప్ కూడా అక్షరాల అంచులు దిద్దడానికి హార్ఫ్‌బజ్‌ను వాడుకోగలదు. విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్న ఇక్కడ నిజంగానే ఎదురవుతుంది. దీనికి ఫ్రీటైప్ రచయితలే దారి చెప్పారు. ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ను బిల్డ్ చేయాలి, దానితో హార్ఫ్‌బజ్‌ను బిల్డ్ చేయాలి, కావాలంటే ఆ తర్వాత ఫ్రీటైప్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. డిస్ట్రిబ్యూషన్ మొత్తాన్ని కొత్త ప్రాసెసర్ మీదకు తెచ్చేటప్పుడు ఇలాంటి ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి.

ఒక మూలం, అనేక ప్యాకేజీలు

మామూలు ప్రోగ్రాముకు ఒక ప్యాకేజీ సరిపోతుంది. లైబ్రరీకి సరిపోదు. హార్ఫ్‌బజ్ మూలం ఒక్కటే అయినా దాన్నుంచి డెబియన్‌లో అనేక ప్యాకేజీలు తయారవుతాయి. లిబ్‌హార్ఫ్‌బజ్0బి అనేది అసలు లైబ్రరీ. ప్రోగ్రాములు నడవడానికి కావలసింది ఇదే. లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్ అనేది కొత్త ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం. లైబ్రరీలో ఏయే ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు ఇందులో ఉంటాయి. లిబ్‌హార్ఫ్‌బజ్-బిన్‌లో లైబ్రరీని నేరుగా పరీక్షించే చిన్న పనిముట్లు ఉంటాయి. వాటిలో ఒకదానికి ఒక తెలుగు ఫాంటు, ‘స్త్రీ’ అనే మాట ఇస్తే, ఏ ఆకారాన్ని ఏ చోట పెట్టాలో వరసగా రాసి చూపిస్తుంది. కేవలం వార్తలు చదువుకునే మనిషి కంప్యూటర్‌లో హెడర్ ఫైళ్లు, పరీక్షల పనిముట్లు చోటు తినకుండా ఈ విభజన కాపాడుతుంది.

పేరులోని అంకె వెనక పెద్ద సూత్రమే ఉంది. షేర్డ్ లైబ్రరీ ఫైలు లోపల సోనేమ్ అనే ఒక పేరు చెక్కి ఉంటుంది. ప్రోగ్రామును కంపైల్ చేసినప్పుడు ఆ పేరు ప్రోగ్రాములో నమోదవుతుంది. నడిచేటప్పుడు సరిగ్గా ఆ పేరున్న లైబ్రరీనే వెతుక్కుంటుంది. లైబ్రరీలో కొత్త ఫంక్షన్లు చేరితే పాత ప్రోగ్రాములకు నష్టం లేదు. ఉన్న ఫంక్షన్‌ను తీసేసినా, అది తీసుకునే విలువల తీరు మార్చినా పాత ప్రోగ్రాములు కూలిపోతాయి. అలాంటప్పుడు సోనేమ్‌లోని అంకెను పెంచాలి. డెబియన్‌లో ఆ అంకె ప్యాకేజీ పేరులోనే ఉంటుంది కనుక పాత లైబ్రరీ, కొత్త లైబ్రరీ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కన ఉండగలవు. ఎగువ అంకె మారకపోయినా లోపలి అమరిక మారిందని తేలితే, ఆ తేడా తెలిసేలా డెబియన్ పేరు చివర ఒక అక్షరం చేరుస్తుంది.

ఫైళ్లు ఉండే చోటుకు కూడా నియమం ఉంది. 2013లో వచ్చిన డెబియన్ 7 నుంచి మల్టీఆర్చ్ పద్ధతి అమలైంది. లైబ్రరీ ఫైళ్లను ప్రాసెసర్ రకం పేరున్న ఫోల్డర్‌లో పెడతారు. 64 బిట్, 32 బిట్ లైబ్రరీలు రెండూ ఒకదాన్నొకటి తుడిచేయకుండా ఒకే యంత్రంలో ఉండటానికి ఇదే ఆధారం.

ఫంక్షన్ల చిట్టా

అంకె ఒక్కటే సరిపోదు. లైబ్రరీ బయటికి చూపే ప్రతి ఫంక్షన్ పేరునూ సింబల్ అంటారు. ఏ సింబల్ ఏ వెర్షన్‌లో మొదటిసారి వచ్చిందో ఒక చిట్టా రాసిపెడతారు. హార్ఫ్‌బజ్‌లో హెచ్‌బీ షేప్ అనే ముఖ్య ఫంక్షన్ 0.9.2 నుంచి ఉంది. ఫైలు పేరు ఇస్తే నేరుగా చదువుకునే ఫంక్షన్ 1.7.7లో చేరింది. మొదటిదాన్ని మాత్రమే పిలిచే ప్రోగ్రాముకు పాత లైబ్రరీ అయినా చాలు. రెండోదాన్ని పిలిచే ప్రోగ్రాముకు కనీసం 1.7.7 ఉండాలి. ఒక ప్రోగ్రామును ప్యాకేజీ చేసేటప్పుడు అది ఏయే సింబల్స్‌ను పిలుస్తుందో పనిముట్లు చూసి, చిట్టాతో పోల్చి, కావలసిన కనీస వెర్షన్‌ను డిపెండెన్సీగా అవే రాస్తాయి. మనిషి ఊహించి రాయాల్సిన అవసరం ఉండదు.

ఈ చిట్టా కాపలా కూడా కాస్తుంది. కొత్త వెర్షన్ బిల్డ్ చేసినప్పుడు చిట్టాలో ఉన్న సింబల్ ఒకటి కనిపించకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ఎగువ రచయితలు తెలిసి తీశారా, పొరపాటున పోయిందా, దాన్ని వాడుతున్న ప్రోగ్రాములు ఏమిటి అన్నవి మెయింటైనర్ కనుక్కోవాలి. లైబ్రరీ ప్యాకేజింగ్‌లో అనుభవానికి విలువ ఎక్కువగా ఇక్కడే తెలుస్తుంది.

ఖాళీ గదిలో బిల్డ్

మెయింటైనర్ కంప్యూటర్‌లో వందల పనిముట్లు ముందే ఉంటాయి. అక్కడ బిల్డ్ అయినంత మాత్రాన అన్నిచోట్లా అవుతుందని చెప్పలేం. కంట్రోల్ ఫైలులో రాయడం మరిచిన డిపెండెన్సీ ఏదో యంత్రంలో ముందే ఉండి లోపాన్ని కప్పిపుచ్చవచ్చు. అందుకే ఎస్‌బిల్డ్ లాంటి పనిముట్లు ప్రతిసారీ కనీస ప్యాకేజీలు మాత్రమే ఉన్న ఖాళీ వ్యవస్థను సిద్ధం చేసి, కంట్రోల్ ఫైలులో పేర్కొన్నవాటిని మాత్రమే తెచ్చుకుని అందులో బిల్డ్ చేస్తాయి. రాయనిది దొరకదు. దాంతో మరుపు వెంటనే బయటపడుతుంది.

బిల్డ్ అయ్యాక లైబ్రరీ సొంత పరీక్షలు నడుస్తాయి. హార్ఫ్‌బజ్ పరీక్షల్లో అనేక లిపుల మాటలు ఉంటాయి, తెలుగు మాటలు కూడా వాటిలో ఉన్నాయి. తర్వాత లింటియన్ అనే తనిఖీ పనిముట్టు డెబియన్ నియమావళితో ప్యాకేజీని పోల్చి తప్పులు చూపుతుంది. ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీ నిజంగా పనిచేస్తోందా అని మరో పనిముట్టు పరీక్షిస్తుంది. పెట్టి తీసేశాక చెత్త మిగలకుండా పోతోందా అని ఇంకొకటి చూస్తుంది. 2013 నుంచి డెబియన్‌లో మరో ఉద్యమం సాగుతోంది. ఒకే మూలాన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు బిల్డ్ చేసినా బిట్ తేడా లేకుండా అదే ఫలితం రావాలన్నది దాని లక్ష్యం. అది నెరవేరిన ప్యాకేజీలో మధ్యలో ఎవరైనా దొంగ కోడ్ చొప్పిస్తే, ఇంకొకరు బిల్డ్ చేసి పోల్చగానే దొరికిపోతుంది.

చివరికి చేతికి వచ్చే డెబ్ ఫైలు నిర్మాణం చాలా సాదాసీదా. అందులో మూడే భాగాలు ఉంటాయి. ఫైలు పద్ధతి వెర్షన్ చెప్పే చిన్న ముక్క ఒకటి, పేరు, డిపెండెన్సీల లాంటి వివరాల కట్ట ఒకటి, డిస్కు మీదకు వెళ్లాల్సిన ఫైళ్ల కట్ట ఒకటి.

ఆర్కైవ్‌లోకి ప్రయాణం

ప్యాకేజీని డెబియన్ సర్వర్‌కు పంపే హక్కు అందరికీ ఉండదు. గుర్తింపు పొందిన డెవలపర్లు తమ డిజిటల్ సంతకంతో పంపాలి. కొత్తవాళ్లు చేసిన ప్యాకేజీని అలాంటి ఒకరు పరిశీలించి తమ సంతకంతో పంపుతారు. వారిని స్పాన్సర్ అంటారు. ఎన్నో ప్యాకేజీలు మెరుగయ్యేది ఈ పరిశీలనలోనే. డెబియన్‌లో పని నేర్చుకునేది కూడా చాలామంది ఇక్కడే.

కొత్త పేరుతో వచ్చిన ప్యాకేజీ నేరుగా లోపలికి పోదు. న్యూ అనే వరసలో నిలబడుతుంది. ప్యాకేజీలన్నిటినీ దాచిపెట్టే ఆర్కైవ్‌ను చూసుకునే బృందం లైసెన్సులను, కాపీరైట్ పత్రాన్ని మళ్లీ చదివి ఆమోదిస్తేనే అన్‌స్టేబుల్ అనే విభాగంలోకి వస్తుంది. అక్కడ బిల్డ్ యంత్రాలు ఆ మూలాన్ని డెబియన్ ఆదరించే ప్రాసెసర్లన్నిటి మీదా మళ్లీ బిల్డ్ చేస్తాయి. బుక్‌వర్మ్‌లో అవి తొమ్మిది రకాలు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కోసం ఉన్న ఎస్390ఎక్స్ వాటిలో ఒకటి. ఇంటెల్, ఆర్మ్ యంత్రాలు సంఖ్యలోని బైట్లను చిన్న చివర నుంచి దాచుకుంటే, ఎస్390ఎక్స్ పెద్ద చివర నుంచి దాచుకుంటుంది. ఓపెన్‌టైప్ ఫాంట్లలోనూ బైట్లు పెద్ద చివర నుంచే ఉంటాయి. ఫాంటు చదివే లైబ్రరీ బైట్లను తిప్పుకోవడంలో ఎక్కడైనా తప్పు చేస్తే రెండు రకాల యంత్రాల మధ్య తేడాగా అది పైకి తేలుతుంది.

అన్‌స్టేబుల్‌లో కొన్నాళ్లు ఉన్నాక, పెద్ద లోపాలేవీ నమోదు కాకపోతే ప్యాకేజీ టెస్టింగ్ విభాగంలోకి మారుతుంది. తొందరను బట్టి మామూలుగా ఈ గడువు రెండు, ఐదు లేదా పది రోజులు. దాని మీద ఆధారపడిన ప్యాకేజీల పరీక్షలు కూడా నెగ్గాలి. ఆ టెస్టింగ్ విభాగాన్నే కొంతకాలానికి స్తంభింపజేసి, లోపాలు ఏరివేసి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు.

లైబ్రరీ మారితే

లైబ్రరీ సోనేమ్ మారినప్పుడు దాన్ని వాడే ప్రతి ప్యాకేజీనీ మళ్లీ బిల్డ్ చేయాలి. దీన్ని ట్రాన్సిషన్ అంటారు. మెయింటైనర్ కొత్త లైబ్రరీని ముందు ఎక్స్‌పెరిమెంటల్ విభాగంలో పెట్టి, ఆధారపడిన ప్యాకేజీలు దానితో బిల్డ్ అవుతున్నాయో లేదో చూస్తారు. కానివాటికి లోపం నమోదు చేస్తారు, వీలైతే ప్యాచ్ కూడా రాసిస్తారు. విడుదల బృందం అనుమతి ఇచ్చాకే అసలు మార్పు మొదలవుతుంది. ఇంటి పునాది మార్చేటప్పుడు పైన కాపురం ఉన్నవాళ్లకు ముందుగా చెప్పడం లాంటి మర్యాద ఇది.

ఇలాంటి మార్పుల్లో చాలా పెద్దది 2024లో జరిగింది. 32 బిట్ వ్యవస్థల్లో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్కలో 32 బిట్ సంఖ్యగా దాచేవారు. ఆ సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. 32 బిట్ ఆర్మ్ యంత్రాల కోసం కాలాన్ని 64 బిట్లకు పెంచాలని డెబియన్ నిర్ణయించింది. కాలం కొలత మారితే దాన్ని చేతులు మార్చుకునే ప్రతి లైబ్రరీ లోపలి అమరికా మారుతుంది. ఎగువ సోనేమ్‌లు మారలేదు కనుక ఆ లైబ్రరీల ప్యాకేజీల పేర్ల చివర టీ64 అని చేర్చారు. హార్ఫ్‌బజ్ ఆధారపడే గ్లిబ్ ప్యాకేజీకి కూడా ఆ తోక వచ్చింది. వేలాది ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేసిన ఆ శ్రమ ఫలితం 2025 ఆగస్టు 9న డెబియన్ 13గా, అంటే ట్రిక్సీగా, అందరి చేతికీ వచ్చింది.

నమ్మకానికి రెండు పరీక్షలు

ప్యాకేజీ చేసేవాళ్ల చేతిలో ఎంత బాధ్యత ఉందో రెండు ఘటనలు చెబుతాయి. మొదటిది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే రహస్య సంకేతాల లైబ్రరీది. ఒక తనిఖీ పనిముట్టు ఇచ్చిన హెచ్చరికను తొలగించడానికి 2006లో డెబియన్ ప్యాకేజీలో ఒక చిన్న మార్పు చేశారు. దానితో పాటే తాళాల తయారీకి కావలసిన యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయింది. ప్రాసెస్ సంఖ్య మాత్రమే మిగలడంతో ఒక్కో రకంలో 32,768 తాళాలకు మించి తయారయ్యే అవకాశం లేకుండా పోయింది. అన్నీ ప్రయత్నించి తెరవడం సులువు. డెబియన్ డెవలపర్ లుసియానో బెల్లో దీన్ని కనిపెట్టారు. 2008 మే 13న ప్రకటన వెలువడింది. ఆ లోపం ఉన్న కాలంలో చేసిన తాళాలన్నిటినీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. ప్యాచ్‌ను ఎగువకు పంపి, వాళ్లు ఒప్పుకున్నాకే నిలుపుకోవడం మంచిదన్న పాఠం అప్పటి నుంచి మరింత బలపడింది.

రెండోది 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ కుట్ర. ఫైళ్లు కుదించే ఈ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దాని సంరక్షణలో చోటు సంపాదించిన ఒకరు దొంగ దారి అమర్చారు. దాన్ని మేలుకొలిపే కోడ్ అందరూ చూసే కోడ్ చరిత్రలో లేదు. విడుదల మూటలో మాత్రమే ఉంది. బిల్డ్ మొదలవగానే ఆ కోడ్ చుట్టూ చూసేది. డెబియన్ ఫోల్డర్‌లో రూల్స్ ఫైలు ఉందా, లేక వేరే డిస్ట్రిబ్యూషన్లు వాడే ఆర్‌పీఎం ప్యాకేజీ కోసం బిల్డ్ జరుగుతోందా అని కనుక్కునేది. అంటే డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలోకి చేరడమే దాని గురి. డెబియన్ అన్‌స్టేబుల్ మీద పనిచేస్తున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, తీగ లాగి డొంకంతా కదిలించారు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ స్టేబుల్‌లోకి చేరలేదు. ప్యాకేజీ మెట్టు మెట్టుగా ముందుకు కదలడం వల్ల దొరికిన ఆ వ్యవధి అసంఖ్యాకమైన సర్వర్లను కాపాడింది.

విడుదల తర్వాత

స్టేబుల్‌లో చేరాక లైబ్రరీకి కొత్త వెర్షన్లు ఇవ్వరు. బుక్‌వర్మ్‌లో హార్ఫ్‌బజ్ 6.0.0 దగ్గరే ఉంటుంది. భద్రతా లోపం బయటపడితే, కొత్త వెర్షన్‌లోని దిద్దుబాటును మాత్రమే విడదీసి పాత కోడ్‌కు అతికిస్తారు. కోడ్ అప్పటికి చాలా మారి ఉంటుంది కనుక ఇది నేర్పుతో చేయాల్సిన పని. విడుదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రతా బృందం, ఆ తర్వాత రెండేళ్లు దీర్ఘకాల మద్దతు బృందం ఈ బాధ్యత చూస్తాయి.

ఈ శ్రమ తెలుగుకు చేరే దారి స్పష్టంగానే కనిపిస్తుంది. డెబియన్‌ను ఇన్‌స్టాల్ చేసే గ్రాఫికల్ కార్యక్రమంలో మొదటి తెరలోనే తెలుగును ఎంచుకోవచ్చు. అక్షరాల కూర్పు అవసరం కనుక ఉత్త టెక్స్ట్ తెర మీద ఆ అవకాశం ఉండదు. గ్రాఫికల్ తెర కోసం హార్ఫ్‌బజ్‌ను మరింత కుదించిన ఒక ప్రత్యేక ప్యాకేజీని ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ అడిగితే లోహిత్ తెలుగు, పోతన2000, వేమన2000 ఫాంట్లు వస్తాయి. ఫాంట్లను ఒకరు, లైబ్రరీని ఇంకొకరు, ఇన్‌స్టాలర్‌ను మరొకరు చూసుకుంటారు. ఎప్పుడూ ఎదురుపడని వాళ్లందరి పనీ ఒక ‘స్త్రీ’ సరిగ్గా పడినప్పుడు ఒక్కచోట కలుస్తుంది.

మెయింటైనర్ ఏదో ఒక రోజు పని చాలించవచ్చు. ఆ సంగతి ప్రకటిస్తే ప్యాకేజీని అనాథగా నమోదు చేస్తారు. నాణ్యతా బృందం తాత్కాలికంగా చూస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్లు ముందుకొచ్చి దత్తత తీసుకుంటారు. దత్తత తీసుకునేవాళ్లు లేక, లోపాలు పేరుకుపోయి, దాన్ని వాడే ప్రోగ్రాములు కూడా మిగలకపోతే ఆర్కైవ్ నుంచి తొలగిస్తారు. ఎవరైనా ముందుకొస్తే మాత్రం కంట్రోల్ ఫైలులో మెయింటైనర్ పేరు ఒక్కటే మారుతుంది. పాతవాళ్లు రాసిన చేంజ్‌లాగ్, కాపీరైట్ పత్రం, సింబల్స్ చిట్టా అలాగే ఉంటాయి. కొత్తవాళ్లు వాటి పైన తమ మొదటి వరస రాసి పని అందుకుంటారు.